కింది హద్దు రాశారా?

ఆపరేషన్స్ రీసెర్చ్ (ఓఆర్) ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తున్నారా? సింప్లెక్స్ పట్టిక గీయమంటారేమోనని భయపడకండి. అంతకంటే చిన్నగా కనిపించే ప్రశ్నకు సిద్ధపడండి: ‘ఈ సమస్యలో మీ వేరియబుల్స్ ఏవి?’

డిగ్రీ స్టాటిస్టిక్స్‌లోనైనా, ఎంబీఏలోనైనా ఎక్స్1, ఎక్స్2 ఏమిటో పుస్తకమే చెప్పేస్తుంది. ఉద్యోగంలో అలా ఎవరూ చెప్పరు. ‘మూడు మిల్లులున్నాయి, నలభై గోదాములున్నాయి, లారీ కిరాయి తగ్గాలి’ అంటాడు మేనేజరు. ఆ మాటల్లోంచి వేరియబుల్‌ను ఏరుకోవాల్సింది మీరే. ఏ మిల్లు నుంచి ఏ గోదాముకు ఎన్ని టన్నులు అన్నదే ఇక్కడ వేరియబుల్; మొత్తం 120. పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ వాడితే ‘ఎల్‌పీవేరియబుల్ డాట్ డిక్ట్స్’ అన్న ఒక్క లైనుతో 120 తయారవుతాయి. లైను రాయడం ఒక పూటలో వచ్చేస్తుంది. అందులో ఏం పెట్టాలో తెలిసినందుకే జీతం.

ముఖ్యంగా హద్దులు. క్లాసులో ప్రతి లెక్క చివరా ‘ఎక్స్1, ఎక్స్2 సున్నాకు తగ్గరాదు’ అని ఉంటుంది. మంత్రం చివర స్వాహా అన్నట్టు చదివేసి వదిలేస్తాం. కోడ్‌లో అలా కుదరదు. పల్ప్‌లో ‘లోబౌండ్’ ఇవ్వకపోతే వేరియబుల్‌కు కింది హద్దే ఉండదు. మైనస్ ఐదొందల టన్నుల బియ్యం పంపడానికి సాల్వర్‌కు అభ్యంతరమేమీ లేదు. ఖర్చు తగ్గించమన్నది మీరేగా! చివరికి ‘అన్‌బౌండెడ్’ అని చేతులెత్తేస్తుంది.

గురోబీ అనే సాల్వర్‌లో తీరు వేరు. ‘యాడ్‌వార్’ అంటే కింది హద్దు దానంతటదే సున్నా అవుతుంది. సైపైలోని లిన్‌ప్రాగ్ కూడా అంతే. జూలియాలోని జంప్‌లో మళ్లీ పల్ప్ పద్ధతే. ఇప్పుడు నెలవారీ లాభనష్టాలకు పల్ప్‌లో పెట్టుకున్న వేరియబుల్‌ను హద్దు రాయకుండానే గురోబీలోకి మార్చారనుకోండి. నష్టం రాకూడదని మోడల్‌కు మీరే చెప్పినట్టయింది. అదృష్టం బాగుంటే ‘ఇన్‌ఫీజిబుల్’ అని వస్తుంది. లేకపోతే ఏ ఎర్రరూ రాకుండా తప్పు జవాబు మీటింగ్ దాకా వెళ్తుంది. ఓఆర్-టూల్స్‌లోని ‘నమ్‌వార్’ రెండు హద్దులూ రాయందే కదలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ కాస్త మొండితనమే మంచిదని నా అభిప్రాయం.

హద్దుల తర్వాత రెండో పరీక్ష మోడల్ సైజు. 50 ఉత్పత్తులు, 20 ఫ్యాక్టరీలు, 300 డిపోలు, 52 వారాలు. నాలుగు లూపులు ఒకదానిలో ఒకటి పెట్టి రాస్తే 1,56,00,000 వేరియబుల్స్. కానీ ఒక్కో ఉత్పత్తి మూడు ఫ్యాక్టరీల్లోనే తయారై, ఒక్కో ఫ్యాక్టరీ నలభై డిపోలకే సరుకు పంపుతుంటే? నిజంగా కావాల్సినవి 3,12,000. లేని దారికి వేరియబుల్ సృష్టించి, తర్వాత దాన్ని సున్నా చేసే షరతు పెట్టడం కొత్తవాళ్ల కోడ్‌లో తరచూ కనిపిస్తుంది. ముందు ఉన్న దారుల జాబితా చేసుకుని, దాని మీదే వేరియబుల్స్ సృష్టించండి. లారీల సంఖ్య లాంటివి పూర్ణాంకాలుగా ప్రకటించాలి, టన్నులకు ఆ అవసరం లేదు. అన్నీ పూర్ణాంకాలు చేస్తే సాల్వర్ గంటలు తీసుకోవచ్చు.

ఉద్యోగాలు వెతికేటప్పుడు ‘డేటా సైంటిస్ట్’ అన్న ఒక్క మాటకే అతుక్కుపోవద్దు. ఆప్టిమైజేషన్ ఇంజినీర్, డెసిషన్ సైంటిస్ట్, సప్లై చైన్ అనలిస్ట్, ఓఆర్ అనలిస్ట్ అన్న పేర్లతోనూ చూడండి. విమానయానం, ఈ-కామర్స్, సిమెంటు, ఉక్కు, విద్యుత్ రంగాల్లో ఈ పని ఉంటుంది. పైచదువుకు ఐఐటీ బొంబాయిలోని ఐఈఓఆర్ విభాగం, కోల్‌కతా ఐఎస్ఐలోని క్వాలిటీ, రిలయబిలిటీ, ఓఆర్ ఎంటెక్, ఢిల్లీ యూనివర్సిటీలోని ఆపరేషనల్ రీసెర్చ్ విభాగం పేరున్నవి. అన్నట్టు, దేశంలో తొలి ఓఆర్ యూనిట్ వెలసింది మన హైదరాబాద్‌లోనే, 1949లో, అప్పటి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో.

సాధన కోసం డబ్బు పెట్టక్కర్లేదు. పల్ప్, సాల్వర్లు సీబీసీ, హైగ్స్ అన్నీ ఉచితం. విద్యార్థులకు గురోబీ లైసెన్సు కూడా. మొదటి ప్రాజెక్టుగా స్టిగ్లర్ ఆహార సమస్య తీసుకోండి. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో వేసిన లెక్క ఇది: 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు, ఏడాదికి కనీస ఖర్చు ఎంత? 1947లో తొమ్మిది మంది గుమాస్తాలు డెస్క్ కాలిక్యులేటర్లతో, దాదాపు 120 మనిషి-రోజుల శ్రమతో 39.69 డాలర్లని తేల్చారు. డేటా ఓఆర్-టూల్స్ డాక్యుమెంటేషన్‌లో ఉంది. మీ జవాబు కొన్ని సెంట్ల తేడాతో అక్కడే తేలాలి. వచ్చాక కింది హద్దు తీసేసి మళ్లీ నడిపి, ఏమవుతుందో రిపోర్టులో రాయండి. రెజ్యూమెలో ‘పైథాన్ వచ్చు’ అన్న లైను కన్నా ఈ పేరా ఎక్కువ పలుకుతుంది.

ఎంటెక్ వాళ్లయితే అక్కడితో ఆగకండి. వేరియబుల్స్ అన్నీ ముందే చేర్చలేని సమస్యలుంటాయి. ఉదాహరణకు, కాగితం రోల్‌ను ఎన్ని రకాలుగా కోయవచ్చో లెక్కపెట్టడమే కష్టం. గిల్మోర్, గొమొరీ 1961లో దీనికి దారి చూపారు: కొన్ని కోత నమూనాలతో మొదలుపెట్టి, డ్యూయల్ ధరలు చూసి, లాభించే నమూనా దొరికినప్పుడల్లా నడుస్తున్న మోడల్‌లోకి కొత్త వేరియబుల్ చేర్చడం. కొత్తది సున్నా దగ్గర ఉంటే పాత జవాబు చెల్లుతూనే ఉంటుంది, కాబట్టి సింప్లెక్స్ అక్కడి నుంచే సాగుతుంది. గురోబీలో ఇందుకు ‘కాలమ్’ అన్న వస్తువు ఉంది. విమాన సిబ్బంది డ్యూటీలు వేసే లెక్కలకూ ఇదే పద్ధతి వాడతారు. ప్రాజెక్టుకు అంశం కోసం వెతుకుతున్నవాళ్లు దీన్నే తీసుకోవచ్చు.