డబ్బా మూత తీయలేదు, బిడ్డా

ములుగు,
సిద్దిపేట జిల్లా.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు. 

నీ తమ్ముడి కోసం నువ్వు పంపిన పొడి డబ్బా మొన్న కొరియర్‌లో అందింది. రోగనిరోధక శక్తి పెంచుతుందని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నీ మొదటి జీతంతో కొన్నావని మీ అమ్మ చెబితే నా కళ్లు చెమర్చాయి. కానీ ఆ డబ్బా మూత తీయలేదు బిడ్డా. ఎందుకు తీయలేదో ఫోన్‌లో చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. వాడి జబ్బు తెలిసిన రోజు నుంచి దొరికిందల్లా చదివాను, డాక్టర్లను అడిగిందే అడిగాను.

"వాడికి రోగాన్ని తట్టుకునే శక్తి లేదు, అందుకే ఎప్పుడూ దగ్గు" అని ఊళ్లో అందరూ అంటారు. నువ్వూ అదే నమ్మావు. అది నిజం కాదు.

రోజూ పొద్దున ఆరింటికి వాణ్ని లేపి నెబ్యులైజర్‌తో ఉప్పునీటి ఆవిరి పట్టిస్తాను. తర్వాత బోర్లా పడుకోబెట్టి, అరచేతిని గిన్నెలా వంచి వీపు మీద తడతాను. కాసేపటికి దగ్గుతాడు. తెల్ల కప్పులో కఫం పడుతుంది. బంకగా, తీగలా సాగుతూ, ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చరంగు క్రిములదని అందరూ అనుకుంటారు. చాలావరకు అది వాడి సొంత తెల్ల రక్తకణాల రంగు. వాటిలో న్యూట్రోఫిల్ అనే రకం ఉంది. క్రిమి కనబడగానే ముందు ఉరికేది అదే. దానిలోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌కు పుట్టుకతోనే ఆకుపచ్చ రంగు. అంటే ఆ కప్పు నిండా ఉన్నది వాడి కోసం పోరాడి చచ్చిపోయిన కణాలే. శక్తి లేనివాడి ఒంట్లోంచి అన్ని కణాలు ఎలా వస్తాయి చెప్పు?

మరి లోపం ఎక్కడుంది? అది అర్థం కావాలంటే మన చెరువు తూమును తలుచుకో. మన కణాల గోడల్లోనూ తూముల్లాంటివి ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు సీఎఫ్‌టీఆర్. ఉప్పులోని క్లోరైడ్‌ను అది అటూఇటూ వదులుతుంది, ఉప్పు వెంట నీరు నడుస్తుంది. ఊపిరి గొట్టాల లోపలి పొర తడిగా, కఫం పల్చగా ఉండటం దాని పుణ్యమే. ఈ తూము జన్యువును 1989లో లాప్-చీ సుయ్, జాక్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు పట్టుకున్నాయి. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడితేనే వాడికున్న ఈ సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బు వస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపంలో 1480 అమైనో ఆమ్లాల గొలుసులో 508వది ఉండదు. ఆ ఒక్కటీ లేకపోవడంతో తూము తలుపు సరిగ్గా మడత పడదు. వడ్రంగి ఇంటి దగ్గరే ఆగిపోయిన తలుపులా, కట్ట దాకా రానే రాదు.

ఈ తూము తెరుచుకోవాలంటే ఏటీపీ అనే అణువు వచ్చి అతుక్కోవాలి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. తర్వాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారు పరిశోధనను నడిపిస్తున్నప్పుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను బయటికి తెచ్చారు. 1949లో బోస్టన్‌లో డాక్టర్ హ్యారీ ష్వాక్‌మన్ ఆ మందును ఇదే జబ్బున్న పిల్లల ఊపిరితిత్తుల కోసం వాడి ఫలితాలు ప్రకటించారు. దాన్ని చూడటానికి సుబ్బారావు గారు లేరు. 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ వేసవిలోనే న్యూయార్క్‌లో ఎండలు మండిపోయాయి. వడదెబ్బతో ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లే ఎక్కువ ఉండటం అక్కడి డాక్టర్లు గమనించారు. వీళ్ల చెమటలో ఉప్పు విపరీతంగా ఉంటుందని 1953లో డాక్టర్ పాల్ డి సాంట్ ఆగ్నీస్ బృందం తేల్చింది.

మన ఇంట్లో ఆ సంగతి ముందు కనిపెట్టింది మీ అమ్మమ్మ. వాడికి ఏడాది నిండకముందే ముద్దు పెట్టుకుని, "వీని చెంప గింత ఉప్పగుందేంది?" అంది. ఎండాకాలం వాడి నల్లచొక్కా మీద తెల్లటి చారలు కట్టేవి. మేమెవరం దాన్ని దగ్గుతో కలిపి చూడలేదు. ఒక ఆస్పత్రిలో టీబీ అన్నారు, ఆర్నెల్లు గోలీలు మింగించాం. దగ్గు తగ్గలేదు. చివరికి హైదరాబాద్‌లో చెమట పరీక్ష చేస్తే క్లోరైడ్ 60 దాటింది. ఆ అంకె దాటితే ఈ జబ్బే. ఒక్క ముద్దులో దొరికిన ఆనవాలును మేం ఏళ్ల తరబడి పోగొట్టుకున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కఫం చిక్కబడి కదలకపోతే క్రిములు అందులో కాపురం పెడతాయి. న్యూట్రోఫిల్‌లు గుంపులుగా వచ్చి వాటిని మింగుతాయి. మింగిన క్రిమిని లోపలి సంచిలో వేసి హైపోక్లోరస్ ఆమ్లంతో చంపుతాయి. పంచాయతీవాళ్లు నీళ్ల ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిస్తే పుట్టేదీ అదే. దాని తయారీకి క్లోరైడ్ కావాలి. ఆ సంచి గోడలోనూ సీఎఫ్‌టీఆర్ తూము ఉందని, ఈ జబ్బున్నవాళ్ల కణాల్లో క్లోరిన్ మందు సరిగ్గా తయారు కావడం లేదని 2006లో న్యూ ఆర్లియన్స్ పరిశోధకులు చూపించారు. వాడి కణం క్రిమిని మింగింది, కానీ దాని చేతిలోని బ్లీచింగ్ పలచన.

చంపలేని కొద్దీ ఇంకా కణాలు వస్తాయి. చచ్చిపోతూ అవి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను కక్కుతాయి. అది ఊపిరి గొట్టాల గోడలను కోస్తుంది. క్రిములను గుర్తుపట్టే గ్రాహకాలనూ కోసేస్తుంది. చచ్చిన కణాలను ఎత్తి శుభ్రం చేయాల్సిన మాక్రోఫేజ్‌లకు ఆ కణాల ఆనవాలు దొరకనివ్వదు. పగిలిన కణాల్లోని డీఎన్ఏ పోగులు పోగులుగా కఫంలో కలుస్తుంది. కప్పులో తీగలా సాగేది అదే. ఆ పోగులను తెంచడానికే 1993లో డోర్నేజ్ మందు వచ్చింది. ఆస్ట్రేలియాలో 2013లో ప్రకటించిన అధ్యయనంలో ఈ జబ్బున్న మూడు నెలల పసివాళ్లలో కొందరి ఊపిరితిత్తుల్లో అప్పటికే ఎలాస్టేజ్ కనిపించింది. అది కనిపించినవాళ్లకే తర్వాత ఊపిరి గొట్టాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

చూశావా బిడ్డా, వాడి ఒంట్లో పోరుకు కొదవ లేదు. ఆ పోరు ముగియకపోవడమే జబ్బు. శక్తి పెంచుతామనే పొడులు, కషాయాలు వాడికి ఏం మేలు చేస్తాయి? అలాగని కణాలను అణచేయడమూ దారి కాదు. న్యూట్రోఫిల్‌లను పిలిచే సంకేతాన్ని అడ్డుకునే ఒక మందును పరీక్షిస్తే ఛాతీ జబ్బు ఎక్కువై పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పోరు సాగాలి, పని అయ్యాక ఆగాలి. అందుకు మన చేతిలో ఉన్న ముఖ్యమైన దారి ఒక్కటే. క్రిములు ఇల్లు కట్టుకోకముందే కఫాన్ని రోజూ బయటికి తీయడం. నీరు ఉప్పు వెంట నడుస్తుంది కాబట్టి ఉప్పునీటి ఆవిరి కఫాన్ని తడుపుతుంది. ఏ ఉప్పు వాడి కణాల తూము దాటి రాలేదో ఆ ఉప్పునే మనం ఊపిరితో అందిస్తున్నాం. దానికి తోడు అన్నం అరగడానికి ఎంజైమ్ గోలీలు, ఎండల్లో అదనంగా ఉప్పు, డాక్టర్ చెప్పిన యాంటీబయాటిక్‌లు, ఏటా ఫ్లూ టీకా. రోగనిరోధక శక్తి పేరుతో వాడికి నిజంగా ఇవ్వాల్సింది ఆ టీకాయే.

508వ లోపమున్న తూమును బాగా సరిచేసే గోలీలు 2019లో అమెరికాలో వచ్చాయి. వాడినవాళ్ల కఫంలో ఎలాస్టేజ్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడే అక్కడ వాటి ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాట. మన పక్కనే కర్కపట్లలో, తుర్కపల్లిలో ఇన్ని మందుల కంపెనీలు ఉన్నాయి, ఈ మందు మాత్రం మనలాంటి ఇళ్లకు అందని దూరంలో ఉంది. పైగా 508వ లోపం ఐరోపావాళ్లలో ఉన్నంతగా మన దేశపు పిల్లల్లో ఉండదు. మనవాళ్ల లోపాలేవో మనమే వెతికి రాసుకోవాలి. అందుకే వాడి జన్యు పరీక్ష కాగితాన్ని భద్రంగా దాచాను.

ఒక మాట మిగిలింది. నా చెల్లెలి కొడుక్కు నా బిడ్డనిచ్చి మేనరికం చేసింది నేను. అక్కరలేని మాటలు మీ అమ్మ పడింది. తప్పుంటే నాది, ఆమెది కాదు. నీకు జబ్బు లేదు, కానీ చెడిన ప్రతి ఒకటి నీలో ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. దానివల్ల నీకేమీ కాదు. పెళ్లి మాట వచ్చినప్పుడు నువ్వూ, నిన్ను చేసుకునేవాడూ పరీక్ష చేయించుకోండి. సిగ్గుపడాల్సింది ఇందులో ఏమీ లేదు.

ఇకమీద డబ్బాలు పంపకు తల్లీ. ఆ డబ్బు దాచు, వాడి ఎంజైమ్ గోలీలకు పనికొస్తుంది. ఎవరైనా "వాడికి శక్తి లేదు" అంటే ఈ ఉత్తరంలో ఉన్నది చెప్పు. నా చేతులు ముసలివవుతున్నాయి. వాడికి ఇంకా ఎన్నో పొద్దులు ఉన్నాయి. బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు ఆరింటికి లే. వీపు తట్టడం నీకు నేర్పుతాను.

ఇట్లు,
మీ తాతయ్య