హోప్ ఐలాండ్‌లో టార్చి ఎందుకు ఆర్పాలి?

కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్, గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రుతో ఏర్పడిన దీవి. మత్స్యకారులు నివసించే ఈ దీవిలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, అదీ ఎక్కువగా రాత్రిపూటే.

చీకట్లో వాటికి సముద్రం ఎటుందో ఎలా తెలుస్తుంది? చెట్లూ ఇసుక దిబ్బలూ ఉన్న వైపు కంటే నీటి మీది ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుంది. పిల్లలు ఆ వెలుతురు వైపే పాకుతాయి. సందర్శకుల టార్చి, సెల్‌ఫోన్ లైటు అంతకన్నా ప్రకాశవంతం. అటు తిరిగిన పిల్లలు దారితప్పి కుక్కలకో, పీతలకో, తెల్లారాక ఎండకో బలవుతాయి.

అందుకే అతిథులను తీసుకెళ్లేవారు పడవ దిగకముందే లైట్లు ఆర్పించాలి. గూళ్ల జాడ తెలిసిన స్థానికుడి వెనకే అందరూ నడవాలి.