రేజింగ్ పెరిగితే ఆయిల్ పెరగాలి

నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసిన ఏ రైతునైనా అడిగి చూడండి. పవర్ స్ప్రేయర్‌లో ఉత్త పెట్రోల్ పోసి మందు కొట్టమంటే ససేమిరా అంటాడు. లీటరుకి ఇంత టూటీ ఆయిల్ అని కొలిచి, డబ్బాలో బాగా కలిపి, అప్పుడు ట్యాంకులో పోస్తాడు. ఆయిల్ మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుందనీ, రిపేరుకు ఎంత వదులుతుందో కూడా అతనికి తెలుసు. అదే రైతు ఆ సీజన్‌లో తను మాత్రం మధ్యాహ్నం అన్నం మానేస్తాడు, రాత్రి కరెంటు కోసం లేస్తాడు, అరకొర నిద్రతో వారాలు వెళ్లదీస్తాడు. మిషన్‌కి ఉన్న లెక్క మనిషికి లేదు.

రైతునొక్కణ్నే అనడం దేనికి? ఈఏపీసెట్‌కి చదివే కుర్రాడు, పరీక్షల రోజుల్లో ఇంటికి పేపర్లు మోసుకొచ్చే టీచరమ్మ, హైవే మీద రాత్రంతా లారీ నడిపే డ్రైవరు, అందరిదీ ఇదే వరస.

ఈ లెక్క సరిగ్గా తెలియాలంటే పడవ మోటారును చూడాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. ఆ సెప్టెంబరులోనే విజయవాడ వీధుల్లో రబ్బరు పడవలు తిరగడం అందరం టీవీల్లో చూశాం. పడవ వెనక తగిలించే మోటారును ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు ఓబీఎం అంటారు. ఈ మోటార్లలో టూ స్ట్రోక్ రకం ఉంది చూశారూ, దాని ఆయిల్ కథ ప్రతి విద్యార్థికీ పాఠంగా చెప్పదగ్గది.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. అదే ఆయిల్‌ని తిప్పి తిప్పి వాడుకుంటుంది. టూ స్ట్రోక్‌కి ఆ వీలు లేదు. పెట్రోలు, గాలి కలిసి క్రాంక్ కేసులోంచే సిలిండర్‌లోకి వెళ్లాలి కాబట్టి అక్కడ ఆయిల్ నిలవ పెట్టే చోటు ఉండదు. పెట్రోల్‌తో పాటే ఆయిల్ వస్తుంది, బేరింగులనూ పిస్టన్‌నూ తడుపుతుంది, కాలి పొగై పోతుంది. నిన్న పోసింది నిన్నటితో సరి. మన నిద్ర కూడా ఈ జాతిదే. సంక్రాంతి సెలవుల్లో కూడబెట్టుకుని మార్చిలో వాడుకుందామంటే కుదరదు.

చిన్న పడవ మోటార్లలో చాలావాటికి ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలుపుతారు. మామూలు లెక్క 50:1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. కొత్త ఇంజిన్‌కి మొదట్లో దానికి రెట్టింపు. ఇబ్బంది ఎక్కడంటే, ఈ పాళ్లు మోటారు పూర్తి వేగంతో పోయేటప్పటి అవసరానికి సరిపడా పెట్టినవి. పడవ నెమ్మదిగా పోతున్నా, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నా అదే చిక్కదనం. పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, కార్బన్ పేరుకుంటుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఆయిల్ ఇంజెక్షన్. 1985లో మన రోడ్ల మీదికి వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. పెట్రోల్ ట్యాంకు వేరు, ఆయిల్ ట్యాంకు వేరు, మధ్యలో చిన్న పంపు. యమహా దీన్ని ఆటోల్యూబ్ అనే పేరుతో 1964లోనే బైకులకు పెట్టింది. పడవ మోటార్లలోకి ఇది 1980ల్లో పాకింది. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు తయారుచేసిన ఓఎంసీ 1984 మోడళ్లకు వీఆర్ఓ అనే పంపు పెట్టింది. పూర్తి వేగంలో 50:1 ఇచ్చే ఆ పంపు, ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు 150:1కి తగ్గించేది. లీటరుకి 20 మిల్లీలీటర్ల నుంచి ఏడుకి లోపుగా అన్నమాట. ఇంకొన్ని మోటార్లలో పంపు మీదుండే లివర్‌ని యాక్సిలరేటర్‌కి కలుపుతారు. రేజింగ్ పెంచిన చెయ్యే ఆయిల్‌నీ పెంచుతుంది.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పని ముంచుకు రాగానే మొదటి వేటు నిద్ర మీద, రెండోది తిండి మీద, మూడోది పొద్దున్నే నడక మీద. పరీక్ష అయిపోయాక మాత్రం మధ్యాహ్నం పన్నెండింటిదాకా పడక. వరదకు ఎదురెక్కేటప్పుడు ఆయిల్ కట్టేసి, ఒడ్డున కట్టేశాక కుమ్మరించడం ఇది. కనుక ఈసారి టైంటేబుల్‌ని మరోలా రాసుకోండి. ముందు నిద్ర గంటలు, తర్వాత భోజనాలు, తర్వాత అరగంట నడక. మిగిలిన ఖాళీలో సబ్జెక్టులు. పరీక్ష దగ్గరపడేకొద్దీ తగ్గించాల్సింది ఫోను, పెళ్లిళ్లు, ఊళ్లు తిరగడం. మొదటి మూడింటి జోలికి పోవద్దు.

ఎక్కువైనా కష్టమే. పని లేని రోజుల్లో స్ఫూర్తి ప్రసంగాల వీడియోలు గంటల తరబడి చూసేవాళ్లున్నారు. వేగం లేనిచోట అంత ఆయిల్ పడితే మిగిలేది పొగే. (ఇలాంటి వ్యాసాలకూ ఆ మాట వర్తిస్తుంది. ఒకటి చదివితే చాలు.)

అసలు చిక్కు పంపుతోనే మొదలవుతుంది. చేత్తో కలిపిన పెట్రోల్‌లో, సరిగ్గా కలిపారంటే చాలు, పెట్రోల్ అందినంతసేపూ ఆయిల్ అందుతుంది. పంపు ఉన్న మోటారు అలా కాదు. ఆయిల్ ట్యాంకు ఖాళీ అయినా, పైపులో గాలి చేరినా, పంపును తిప్పే గేరు అరిగినా ఇంజిన్ వెంటనే ఆగదు. కాసేపు చక్కగానే తిరుగుతుంది, ఉన్నట్టుండి పట్టేస్తుంది. అందుకే ఆయిల్ తగ్గితే కూతపెట్టే అలారం ఉంటుంది. కొన్ని మోటార్లయితే వాటంతటవే వేగం తగ్గించేసుకుంటాయి. వీఆర్ఓ మీద నమ్మకం చాలక దాన్ని పీకేసి, మళ్లీ చేత్తో కలుపుకోవడానికి వెళ్లిపోయిన యజమానులు ఎందరో. వాళ్లది మరీ పిరికితనమని నేననుకోను.

ఇంతకీ మీ ఆయిల్ పంపు ఎవరు? మన ఇళ్లలో చాలామందికి అమ్మే. వేళకి కంచం పెట్టేదీ, లైటు ఆర్పమనేదీ, మొహం చూసి “ఒంట్లో బాగోలేదా నాన్నా?” అని అడిగేదీ ఆవిడే. కోచింగ్ కోసం హైదరాబాద్ బస్సెక్కిన రోజున ఆ పంపు నందిగామలోనే ఉండిపోతుంది. పిల్లవాడు మొదట్లో బాగానే చదువుతాడు. మార్కులూ వస్తాయి. వాటిని చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. అలారం ఏర్పాటు మాత్రం ఎవరికీ గుర్తురాదు. పగలు కునుకుపాట్లు, చిన్నదానికే చిరాకు, చదివిన పేజీనే మళ్లీ చదవడం: ఇవి మోగుతున్నాయంటే రేజింగ్ తగ్గించాలి. హాస్టల్‌కి పంపేముందు పిల్లలకు ఈ గుర్తులు చెప్పి పంపండి. ఫోన్ చేసినప్పుడు మార్కుల కన్నా ముందు నిద్ర సంగతి అడగండి.

ఆయిల్ పంపుకు రిపేరు చేశాక జాగ్రత్త గల మెకానిక్కు ఏంచేస్తాడంటే, మోటారుని వెంటనే ఉత్త పెట్రోల్ మీద వదలడు. పైపులో గాలి తీసేసి, పెట్రోల్‌లో 50:1 ఆయిల్ కలిపి పోస్తాడు. ఆయిల్ ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెడతాడు. మోటారు నడిచాక ఆయిల్ ఆ గీత కిందికి దిగితే పంపు పనిచేస్తున్నట్టు. అప్పుడే కలపడం మానేస్తాడు.

కొత్త అలవాటుని ఇలాగే పరీక్షించాలి. సొంతంగా లేవడం మొదలుపెట్టారా, కొన్నాళ్లు ఇంట్లోవాళ్లను కూడా లేపమనండి. తెల్లవారుజామున చదువుతామని రాత్రి చదువు ఒక్కసారిగా మానకండి. పైగా ఆ గీతలో ఇంకో సంగతి కూడా ఉంది: నిండుగా ఉన్న ట్యాంకును చూసి సంతోషించకూడదు, ఎంత నడిపినా తగ్గకపోతే భయపడాలి. జిమ్‌కి కట్టిన ఫీజు, అలమరలో దొంతర పెట్టిన పుస్తకాలు, ఫోన్‌లో దించుకున్న ధ్యానం యాప్, ఇవన్నీ ట్యాంకులో ఉన్న ఆయిల్. ఖర్చవుతున్నాయా లేదా అన్నదే లెక్క.

ఒకరి ఆయిల్ ఇంకొకరికి పడదు కూడా. పడవ మోటారు నీళ్లతో చల్లబడుతుంది కనుక దానికి బూడిద మిగల్చని టీసీ-డబ్ల్యూ3 రకం కావాలి. గాలితో చల్లబడే బైకుల ఆయిల్ అందులో పోస్తే లోపల మడ్డి కడుతుంది. రాష్ట్రంలో మొదటి ర్యాంకరు నాలుగు గంటలే పడుకున్నాడని పేపర్లో చదివి మీ పిల్లవాణ్ని తెల్లవారుజామున మూడింటికి లేపకండి. ఏడు గంటల నిద్ర కావలసినవాడికి ఏడు గంటలూ ఇవ్వండి. మిగతా పదిహేడు గంటల్లో సిలబస్ పట్టకపోతే కోయాల్సింది సిలబస్‌నే.