కంప్యూటరు కాపుదల

గదికి తాళం వేసినంత మాత్రాన లోపలి వస్తువులన్నీ భద్రమని భావించరాదు. కళాశాల ప్రయోగశాలలోని డెస్క్‌టాప్ కంప్యూటరును ఎవరు మోసుకుపోతారన్న ధీమా తగదు. పక్క మూత మరలు విప్పితే చాలు, జేబులో ఇమిడే మెమరీ, అరచేతిలో పట్టే హార్డ్‌డిస్క్ మాయమవుతాయి. పెట్టె మాత్రం యథాతథంగానే కనిపిస్తుంది.

అందువల్ల రక్షణ అంచెలంచెలుగా ఉండాలి. మొదటి అంచె గది. దానికి దృఢమైన తలుపు, కిటికీలకు ఊచలు, తాళంచెవి తీసుకున్నవారి పేరు రాసే పుస్తకం అవసరం. రెండవ అంచె బల్ల. 1990వ దశకంలో ప్రచారంలోకి వచ్చిన కెన్సింగ్టన్ తాళాన్ని సుమారు 7 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు గల రంధ్రంలో బిగించి, దాని ఉక్కుతీగను కదలని వస్తువుకు చుట్టాలి. తేలికపాటి బల్లకు చుట్టితే ప్రయోజనం శూన్యం. మూడవ అంచె పెట్టె. అనేక నమూనాలలో వెనుకవైపున్న చిన్న కడియానికి తాళంకప్ప వేస్తే మూత తెరుచుకోదు.

ఏ తాళమైనా దొంగకు జాప్యం కలిగించగలదే గాని పూర్తిగా ఆపలేదు. యంత్రాల వరుస సంఖ్యలను ముందే రాసి ఉంచితే, దొరికిన సొత్తును గుర్తించడం సులభం.

పోయిన యంత్రాన్ని మళ్ళీ కొనవచ్చు. విద్యార్థి ఏడాది శ్రమించి రూపొందించిన ప్రాజెక్టు ఏ అంగడిలోనూ దొరకదు. కనుక దాని నకలును వేరొక చోట దాచాలి. లాగిన్ పాస్‌వర్డు ఒక్కటే చాలదు. డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి చదవవచ్చు. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్షన్ ద్వారా రహస్యలిపిలోకి మార్చి ఉంచితే, యంత్రం దొంగ పాలైనా సమాచారం అతనికి చిక్కదు.

ప్రశ్న: కంప్యూటరు రక్షణలోని మూడు అంచెలను వివరించండి.