పిస్తోలు పిడిలోని ఛాయాచిత్రము

యుద్ధచరిత్రలు సేనానుల పేర్లను, ముట్టడుల తేదీలను, జయాపజయములను వివరించును. ఆ సేనలలో నడచిన సామాన్య సైనికుని గూర్చి అవి చెప్పునది స్వల్పము. అతడు పోరాడిన గడియలకంటె ఎదురుచూచిన గడియలే ఎక్కువ. ఉత్తరము కొరకు, భోజనము కొరకు, ఉత్తరువు కొరకు దినములకొలది కాచుకొని యుండుట అతని జీవితమున పెద్ద భాగము. ఆ తీరిక వేళలలో అతని చేతులు ఊరకుండలేదు. చేతికందిన పనికిమాలిన వస్తువులతో అతడు ఏదియో ఒకటి చేయుచునే యుండెను. అట్లు పుట్టిన పనితనమునకు ఆంగ్లేయులు ‘కందకపు కళ’ అని అర్థమిచ్చు పేరు పెట్టిరి.

ఆ పేరు మొదటి ప్రపంచయుద్ధమునుండి ప్రసిద్ధికెక్కినది. 1914 మొదలు 1918 వరకు ఫ్రాన్సు, బెల్జియము దేశములలో ఉభయ సైన్యములును కందకములు త్రవ్వుకొని ఎదురెదురుగా నిలిచెను. ఫిరంగులు రేయింబవళ్లు మ్రోగుచుండెను. 1916వ సంవత్సరమున సోమ్ నదీప్రాంతపు యుద్ధమునకు ముందు ఒక వారముదినములలోనే బ్రిటిషు ఫిరంగులు సుమారు 15 లక్షల గుండ్లను ప్రయోగించెను. గుండు పోయిన పిదప దాని ఇత్తడి తొడుగు మిగులును. వానిని ప్రోగుచేసి కర్మాగారములకు తిరిగి పంపవలెనని నియమముండెను గాని, కొన్ని సైనికుల చేతులలో చిక్కెను. వానిపై పూవులను, ఆకులను, ఊరి పేర్లను చెక్కి పూలకూజాలుగా మార్చిరి. తూటాలతో ఉత్తరములు చించు కత్తులను చేసిరి. జర్మనుల గుండ్ల కొనలలోని అల్యూమినియమును కరిగించి ఫ్రెంచి సైనికులు ఉంగరములు పోసి ఇండ్లకు పంపిరి. విరిగిన విమానపు పంకా చెక్క ఛాయాచిత్రమునకు చట్టమయ్యెను. పేరు కందకపు కళయే అయినను, ఈ పనులలో పెక్కు కందకములలో జరుగలేదు. సుత్తిదెబ్బ వినబడినచో శత్రువు గుండు వచ్చి పడును. కావున వెనుకనున్న విడిదులలోను, మరమ్మతుశాలలలోను, చికిత్సాలయములలోను ఇవి ఎక్కువగా తయారయ్యెను.

ఈ అలవాటు అంతకుముందు లేదని తలపరాదు. నెపోలియను కాలపు యుద్ధములలో చెరపట్టబడిన ఫ్రెంచి సైనికులను ఇంగ్లండులో పీటర్బరో సమీపమునగల నార్మన్ క్రాస్ అను శిబిరమున ఉంచిరి. వారు తమకు భోజనముగా ఇచ్చిన మాంసపు ఎముకలను శుభ్రపరచి, సన్నని ముక్కలుగా కోసి, ఓడల నమూనాలను, ఆటబొమ్మలను చేసి శిబిరపు ద్వారమున అమ్ముకొనుచుండిరి. ఆ వస్తువులు నేటికిని పీటర్బరో ప్రదర్శనశాలలో కలవు. సైనికుడైనను, ఖైదీయైనను చేతికేది దొరకునో దానితోనే తన పనితనమును చూపును. ఎముక దొరకిన ఎముక, ఇత్తడి దొరకిన ఇత్తడి.

రెండవ ప్రపంచయుద్ధము నాటికి మరియొక పదార్థము దొరకెను. 1930 తరువాతి సంవత్సరములలో జర్మనీయందును, ఇంగ్లండునందును రసాయనశాస్త్రజ్ఞులు గాజువలె స్వచ్ఛమైన ఒక ప్లాస్టిక్కును మార్కెట్టులోనికి తెచ్చిరి. జర్మనీలో దానికి ప్లెక్సిగ్లాస్ అనియు, ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అనియు పేరు. అది గాజు బరువులో సగమే తూగును; గాజువలె తేలికగా పగులదు; మరుగునీటి వేడిమికంటె కొంచెము ఎక్కువ వేడిమి తగిలినచో మెత్తబడి కోరిన వంపు తిరుగును. ఈ గుణములచేత యుద్ధవిమానములలో చోదకుని గది కప్పునకును, తుపాకిదారు కూర్చుండు బుడగవంటి గదులకును దానినే వాడిరి. విమానము కూలినప్పుడు ఆ కప్పు ముక్కలు చెల్లాచెదరుగా పడియుండెను. రంపముతో కోయుటకు, ఆకురాతితో అరుగదీయుటకు, బరమాతో తొలుచుటకు అంతకంటె అనుకూలమైన పదార్థము సైనికునికి లేదు. దానితో హృదయాకారపు పతకములు, ఉంగరములు, సిగరెట్టు పెట్టెలు చేసిరి. అమెరికా సైనికులు మరియొకటి చేసిరి. అవియే పిస్తోలు పిడులు.

అమెరికా సైన్యమున 1911 మొదలు 1985 వరకు ప్రధానముగా వాడుకలో నున్న పిస్తోలును జాన్ బ్రౌనింగ్ అను శిల్పి రూపొందించెను. అది 0.45 అంగుళముల తూటాను ప్రయోగించును. దాని పిడి ఉక్కుతో చేసిన చట్రము. చేతికి పట్టు దొరకుటకై ఆ చట్రమునకు ఇరుప్రక్కల రెండు పలకలను బిగింతురు. తొలుత అవి అక్రోటు కొయ్యవి. రెండవ యుద్ధకాలమున గోధుమవన్నె ప్లాస్టిక్కువి. ఒక్కొక్క పలకకు రెండేసి మరలు మాత్రమే యుండును. ఆ నాలుగు మరలను విప్పినచో రెండు పలకలును ఊడివచ్చును. పిస్తోలు పనిచేయు భాగములకు దీనివలన ఏ లోపమును కలుగదు. సైనికుని పనితనమునకు అవకాశమిచ్చినది ఈ చిన్న ఏర్పాటే.

అతడు పాత పలకను ప్లెక్సిగ్లాస్ ముక్కపై నుంచి అంచు గీచుకొనును. ఆ గీత వెంబడి కోసి, చేతి ఒంపునకు సరిపడునట్లు ఆకురాతితో గుండ్రపరచి, మరలకు రంధ్రములు తొలుచును. గరుకుదనము పోయి లోపలి వస్తువు స్పష్టముగా కానవచ్చువరకు గుడ్డతో గంటలకొలది రుద్దును. పిదప తన జేబులోని ఛాయాచిత్రమును పలక ఆకారమునకు కత్తిరించి, స్వచ్ఛమైన ఆ పలకకును ఉక్కు చట్రమునకును నడుమ నుంచి మరలు బిగించును. అంతటితో చిత్రము పదిలము. కొందరు రెండవ ప్రక్క చిత్రమేమియు నుంచక స్వచ్ఛముగా విడిచిరి. ఆ ప్రక్కనుండి తూటాల పెట్టె కనబడును గనుక మిగిలిన తూటాలను చూచుకొనుటకు వీలుగా నుండెనని సేకర్తలు చెప్పుదురు.

ఆ చిత్రములలో ఎక్కువ భాగము భార్యలవి, పెండ్లి నిశ్చయమైన కన్యలవి. పసిపిల్లల చిత్రములును కలవు. పత్రికలనుండి కత్తిరించిన సుందరీమణుల చిత్రములును కలవు. ఈ పిడులకు అమెరికనులు ‘ప్రియురాలి పిడులు’ అని పేరు పెట్టుకొనిరి. పిస్తోలు సర్కారుది, పిడి పలక మాత్రము సైనికునిది. ఆయుధమును తిరిగి అప్పగింపవలసి వచ్చినప్పుడు పాత పలకలను బిగించి, తన పలకలను సంచిలో వేసికొని ఇంటికి పోవచ్చును.

ఇట ఒక విషయము ఆలోచింపదగియున్నది. పిస్తోలు ప్రాణము తీయుటకై చేయబడినది. దానిపై ప్రేమపాత్రుల ముఖమునుంచుట తగునా? దీనికి తొందరపడి తీర్పు చెప్పరాదు. సైన్యములో ఒకరి దుస్తులు ఒకరివలె, ఒకరి తుపాకి ఒకరివలె నుండును. మనుష్యునికి అంకెయే పేరగును. అట్టిచోట తనకు ఒక ఇల్లు కలదనియు, తన కొరకు ఎదురుచూచు ముఖమొకటి కలదనియు జ్ఞప్తికి తెచ్చు వస్తువు అతనికి అవసరమయ్యెను. కాని ఆ ముఖమును చూచి ధైర్యము తెచ్చుకొన్నవాడే దానిని పట్టుకొని మరియొక ఇంటివానిపై గురిపెట్టెను. అతని జేబులోను ఒక ఛాయాచిత్రము ఉండియే యుండును. యుద్ధములోని దుఃఖమంతయు ఆ చిన్న పలకలో నిమిడియున్నది.

నేడు ఈ పిడులను సేకరించువారు పెక్కుమంది కలరు. వెల పెరిగినకొలది మోసమును పెరిగినది. స్వచ్ఛమైన ప్లాస్టిక్కు ఎల్లెడల దొరకును. పాత ఛాయాచిత్రములును సంతలో దొరకును. ఒక సాయంకాలములో నకిలీ పిడిని తయారుచేయవచ్చును. కనుక తెలిసినవారు దానిని పరీక్షించియే కొందురు. అరచేతి రాపిడికి అంచులు అరిగియుండవలెను. చేతితో తొలిచిన రంధ్రములు యంత్రముతో తొలిచినవానివలె సమముగా నుండవు. చెమటయు, నూనెయు దిగి చిత్రపు అంచులు మరకబారియుండవచ్చును. ఇన్ని గుర్తులున్నను సందేహము మిగులును. ఆ గుర్తులను సైతము మోసగాండ్రు కల్పింపగలరు. సైనికుని పేరు, అతని దళము, చిత్రములోని వ్యక్తి పేరు, ఒక ఉత్తరము జతగా నున్నప్పుడే వస్తువు నిజముగా మాటాడును. అవి లేనిచో చిత్రములోని స్త్రీ నవ్వుచునే యుండును గాని ఆమె ఎవరో చెప్పగలవారు లేరు. ఆమె పెండ్లి జరిగినదా, ఆ సైనికుడు తిరిగివచ్చెనా అనునవి తెలియవు. పలక మిగిలినది, కథ పోయినది.

విమానపు కప్పు ముక్కల కథ పిడులతో ముగియలేదు. యుద్ధకాలమున హెరాల్డ్ రిడ్లీ అను ఆంగ్ల నేత్రవైద్యుడు గాయపడిన వైమానికులకు చికిత్స చేయుచుండెను. కొందరి కన్నులలో పెర్‌స్పెక్స్ ముక్కలు గ్రుచ్చుకొనియుండెను. అవి కంటిలో నిలిచినను వాపును, చీమును పుట్టింపకుండుట ఆయన గమనించెను. శుక్లము తీసిన కంటిలో ఆ పదార్థముతో చేసిన కటకము నేల అమర్పరాదని ఆయనకు తోచెను. 1949వ సంవత్సరము నవంబరు 29వ తేదీన లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆయన మొట్టమొదటిసారిగా అట్టి కటకమును ఒక రోగి కంటిలో నుంచెను. తోటి వైద్యులలో పెక్కుమంది ఏండ్ల తరబడి దానిని ఆక్షేపించిరి. కాని ఆ పద్ధతియే క్రమముగా లోకమంతట వ్యాపించెను. మన పల్లెలలో శుక్లపు చికిత్స పొంది తిరిగి చూపు తెచ్చుకొనిన తాతలు, అవ్వలు ఆ కటకపు సంతతివలననే మనుమల ముఖములను చూచుచున్నారు. ఒకే పదార్థము సైనికుని చేతిలో దూరమైన ముఖమును పదిలపరచెను; వైద్యుని చేతిలో ముఖమును చూచు కన్నునిచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధమున భారతసైన్యమునందు 25 లక్షలమంది పనిచేసిరి. వారిలో తెలుగువారును కలరు. అట్టి ఇండ్లలో ఇనుపపెట్టెల అడుగున ఒక పతకమో, ఒక జీతపు పుస్తకమో, దూరదేశపు నాణెమో, పేరులేని ఛాయాచిత్రమో నేటికిని ఉండవచ్చును. వాని వెల బజారులో కొద్దిదే కావచ్చును. కాని ఆ చిత్రములోనిది ఎవరో తెలిసిన పెద్దలు ఎల్లకాలము ఉండరు. బాలబాలికలు వారినడిగి, పేరును, ఊరును, సంవత్సరమును చిత్రము వెనుక సీసపు కడ్డీతో మెల్లగా వ్రాసియుంచవలెను. ప్లెక్సిగ్లాస్ పలక ముఖమును కాపాడగలిగినది గాని పేరును కాపాడలేకపోయినది. పేరును కాపాడుటకు ఒక పంక్తి వ్రాత చాలును.