దిగువ మెట్టు మీద ఆడినవారు



ఈ నెల పాఠమునకు విషయమును ఆటస్థలమునుండి తీసికొనుచున్నాను. పాదిరిగారికి ఆటలతో ఏమి పని అని పెద్దలలో కొందరు అనుకొనవచ్చును. అయితే మన ఊళ్లలోని పడుచువాండ్రు ఇరువది యేండ్లు నిండకముందే తమ పని అయిపోయినదని కూర్చుండుట నేను చూచుచున్నాను గనుక వ్రాయుచున్నాను.

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారికి ఫుట్‌బాల్ కంటె కబడ్డీ, క్రికెట్టు, బరువులెత్తుట ఎక్కువ పరిచయము. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994లోను 1995లోను 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో ఆమె 69 కిలోల తరగతిలో నిలిచి సిడ్నీ ఒలింపిక్సునుండి కంచు పతకము తెచ్చెను. అది పై తరగతికి మారినవారి కథ. మన పాఠము క్రిందికి దిగినవారిని గూర్చినది.

ఇంగ్లాండులో ఫుట్‌బాల్ జట్లు మెట్లు మెట్లుగా ఉండును. ప్రతి మెట్టును ఒక డివిజను అందురు. ఏడాది ఆటలు ముగియగానే పై డివిజనులో అడుగున నిలిచిన జట్లు క్రిందికి పోవును, క్రింది డివిజనులో ముందున్నవి పైకి వచ్చును. ఇది జట్ల సంగతి. ఆటగాడైతే జట్టు మారి తానొక్కడే దిగవచ్చును. అట్లు దిగినవానిని చూచి జనులు, వీని కాలము చెల్లినది అందురు. చాలమంది విషయములో అది నిజమే.

స్టాన్లీ మాథ్యూస్ విషయములో కాలేదు. ఆయన 1932లో స్టోక్ సిటీ జట్టులో ఆరంభించి, 1947లో బ్లాక్‌పూల్ చేరి, దేశమంతట పేరు పొందెను. 1961లో, నలువది ఆరేండ్ల వయస్సున, రెండవ డివిజనులో ఉన్న తన పాత స్టోక్ జట్టుకు తిరిగి వచ్చెను. అంతకుముందు సొంత మైదానములో ఆటకు ఎనిమిదివేల చిల్లర జనము మాత్రమే వచ్చిరి. ఆయన వచ్చిన మొదటి ఆటకు ముప్పదియైదు వేలకు పైగా వచ్చిరి! 1963లో స్టోక్ మొదటి డివిజనుకు ఎక్కెను. ఆ యేటి ఉత్తమ ఆటగాడుగా పత్రికా రచయితలు ఆయననే ఎన్నుకొనిరి.

డేవ్ మెకే కథలో నేర్చుకొనదగిన సంగతి మరియొకటి కలదు. టాటెన్‌హామ్ జట్టులో గొప్పగా ఆడిన ఈయనకు కాలు రెండుసార్లు విరిగెను. 1968లో, ముప్పదిమూడేండ్ల వయస్సున, రెండవ డివిజనులోని డెర్బీ జట్టుకు వెళ్లెను. అక్కడి శిక్షకుడు బ్రయన్ క్లఫ్ ఆయనను మునుపటివలె మైదానమంతట పరుగెత్తనియ్యక, వెనుక నిలువబెట్టి, కుఱ్ఱవాండ్రను నడిపించు పని అప్పగించెను. తగ్గిన కాలి వేగమునకు బదులుగా కంటి అనుభవము పనిచేసెను. మరుసటి ఏడు డెర్బీ ఆ డివిజనులో ప్రథమముగా నిలిచి పైకెక్కెను. ఉత్తమ ఆటగాడను బిరుదును టోనీ బుక్‌తో కలిసి మెకే పంచుకొనెను.

ఇక మన తెలుగువాని సంగతి. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆడినది క్రికెట్టు. దానిలో డివిజనుల లెక్క వేరు, అయినను దేశపు జట్టునుండి రాష్ట్రపు జట్టుకు పోవుట దిగుటయే గదా. హైదరాబాదునుండి వచ్చిన ఈయనకు నడుమ వరుసలో ఆడుట అలవాటు. దేశపు జట్టులో చోటు దొరకవలెనన్న ఓపెనరుగా ఆడవలసి వచ్చెను. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనరుగానే 167 పరుగులు తీసెను. అయినను కొద్దికాలమునకే చోటు పోయెను. అప్పుడాయన, ఇకమీదట నేను ఓపెనరుగా ఆడను అని నిశ్చయించుకొనెను. ఇరువదియైదేండ్ల యువకుడు తలుపు తానే మూసికొన్నాడని ఎందరో తలంచి యుందురు.

ఆయన రంజీ ఆటలకు పోయి, తన అలవాటైన వరుసలో నిలిచెను. 1999–2000 రంజీ సీజనులో 8 శతకములతో 1,415 పరుగులు. ఒక్క రంజీ సీజనులో అంతకుముందెవ్వరును అన్ని తీసి యుండలేదు. బెంగుళూరులో కర్ణాటకముమీద ఒక్క ఇన్నింగ్సులోనే 353. మరుసటి ఏడు 2001 మార్చిలో కలకత్తా మైదానమున, వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియామీద, ఫాలో ఆన్‌లో ఉన్న జట్టుకు 281 పరుగులు చేసెను. ద్రావిడ్ 180 చేసి తోడు నిలిచెను. భారతదేశము 171 పరుగులతో గెలిచెను.

దిగుటలో ఏదో మహిమ ఉన్నదని తలంపవద్దు. పైజట్టులో బల్లమీద కూర్చున్నవానికి ఆట దొరకదు, ఆట లేనిదే చేయి తిరుగదు. క్రింద ప్రతివారము ఆట దొరకును, తనకు తగిన చోటు దొరకును. మెకేకు ఆ చోటు క్లఫ్ చూపెను, లక్ష్మణ్ తానే అడిగి తీసికొనెను. అయితే జీతము తగ్గును, పేరు తగ్గును, మైదానము గతుకులుగా ఉండును. వీటిని ఓర్వలేక మానినవారి పేర్లు మనకు తెలియవు.

అపొస్తలుల కార్యములు చదివినవారికి మార్కు అనబడిన యోహాను జ్ఞాపకము వచ్చును. పౌలు తన వెంట రానియ్యకపోగా అతడు బర్నబాతో కుప్రకు పోయెను. తరువాత పౌలే అతనిని పిలువనంపెను.

విశాఖపట్టణమునకో హైదరాబాదునకో ఆటకు ఎంపికయై, తిరిగి వచ్చిన పిల్లవాడు మన ఊళ్లలో పగలు బయటికి రాడు. ఏమిరా, తీసివేసినారా అని రచ్చబండ దగ్గర అడుగుదురని భయము. తలిదండ్రులు కూడ, సంక్రాంతి పోటీలలో మన ఊరి జట్టుకు ఆడిన పరువు పోవును అందురు. ఆ పోటీలే వానికి దొరకిన రంజీ! అడుగవలసినది, సాయంత్రము ఆటకు వచ్చెదవా అనియే.

యువజన కూటములో ఈ పాఠము చదువునప్పుడు ఒక ప్రశ్న చర్చింపుడి: ఓపెనరుగా ఆడనని లక్ష్మణ్ చెప్పుట గర్వమా, వివేకమా? పెద్దలు ఒక పక్షము, పిల్లలు ఒక పక్షము చేరుదురని నా ఊహ.