తెల్ల కానరీ పక్షుల సంతానోత్పత్తి: రెండు ఉత్పరివర్తనములు, రెండు యాజమాన్య పద్ధతులు

కానరీ దీవులు, అజోర్స్, మదీరా జన్మస్థానముగా గల అడవి కానరీ పక్షి ఆకుపచ్చ కలసిన పసుపు వర్ణము కలిగి, వీపుపై ముదురు చారలతో ఉండును. ముదురు వర్ణమునకు మెలనిన్, పసుపునకు ఆహారము ద్వారా లభించు కెరోటినాయిడ్లు కారణము. పంజరములలో పెంచిన కానరీలలో ఏర్పడిన వర్ణ ఉత్పరివర్తనములలో తెలుపు ముఖ్యమైనది. అయితే చూపునకు దాదాపు ఒకే విధముగా కనిపించు ఈ తెలుపునకు రెండు వేర్వేరు జన్యు కారణములు గలవు. ఈ భేదమును గుర్తింపక జతపరచినచో పెంపకందారునకు నష్టము కలుగును.

బహిర్గత తెలుపు: ఈ రకములో రెక్క ఈకల అంచులయందు సాధారణముగా లేత పసుపు ఛాయ మిగిలి ఉండును. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఈ జన్యువు సంక్రమించిన పక్షి ఆరోగ్యముగా జీవించును. ఇరువురి నుండి సంక్రమించినది పిండ దశలోనే, లేదా గుడ్డు నుండి వెలువడిన కొద్ది కాలమునకే మరణించును. రెండు తెల్ల పక్షులను జతపరచినపుడు ఫలదీకరణ చెందిన ప్రతి 100 గుడ్లకు సగటున 50 తెల్ల పిల్లలు, 25 పసుపు పిల్లలు లభించును. మిగిలిన 25 నశించును. తెల్ల పక్షిని పసుపు పక్షితో జతపరచినపుడు 50 తెల్లవి, 50 పసుపువి లభించును. అనగా తెల్ల పిల్లల సంఖ్య రెండింటిలోను సమానమే. మొదటి పద్ధతిలో నాలుగవ వంతు సంతానము వృథా అగును.

అంతర్గత తెలుపు: ఇందు పసుపు ఛాయ కానరాదు. స్కార్బ్1 అను జన్యువులోని లోపము వలన ఆహారములోని కెరోటినాయిడ్లు శరీరమునకు తగినంతగా అందవని 2017లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించినది. ఈ తెల్ల పక్షులను పరస్పరము జతపరచినచో ప్రాణాంతక ప్రభావము ఉండదు; పిల్లలన్నియు తెల్లగానే ఉండును. అయితే కెరోటినాయిడ్ల నుండియే పక్షి శరీరము విటమిన్ ఎ తయారు చేసుకొనును. కావున ఈ రకమునకు ఆకుకూరలు, క్యారెట్ చాలవు. సిద్ధరూపములోని విటమిన్ ఎను పశువైద్యుని సలహాపై తగు మోతాదులో అందింపవలెను; మోతాదు మించినచో హాని కలుగును.

సూచనలు: జతపరచుటకు ముందు రెక్కల అంచులను పరిశీలించి, కాలి రింగు సంఖ్య ఆధారముగా వంశ వివరములను నమోదు చేయవలెను. సందేహమున్నచో, అంతర్గత తెలుపు లేని వంశమునకు చెందిన పసుపు పక్షితో జతపరచి చూడవలెను. మొదటి తరములోనే తెల్ల పిల్లలు వచ్చినచో అది బహిర్గత తెలుపు. పొదగని గుడ్లను దీపపు వెలుగులో పరీక్షించి, ఫలదీకరణ చెందనివా, పిండము మరణించినవా అని నిర్ధారించిన పిమ్మటనే మగపక్షిని మార్చుట యుక్తము.